వెనక పెట్టె

కలకత్తా ట్రాముకు ఒకప్పుడు రెండు పెట్టెలు. ముందుది ఫస్ట్ క్లాసు, ఫ్యాన్లుండేవి. వెనకది సెకండ్ క్లాసు. చిన్న జీతగాళ్లూ కూలీలూ ఎక్కింది దాన్నే. ట్రాము చరిత్ర ఎక్కడ చదివినా నా మనసు ఆ వెనక పెట్టె మీదికే పోతుంది.

మొదట లాగింది గుర్రాలు. 1873 ఫిబ్రవరి 24న సియాల్దా నుంచి అర్మేనియన్ ఘాట్ దాకా తొలి ట్రాము నడిచింది. జనం ఎక్కక ఆ నవంబరులోనే మూతపడింది. 1880లో లండన్‌లో పుట్టిన కలకత్తా ట్రామ్‌వేస్ కంపెనీ మళ్లీ పట్టాలు పరిచింది. శతాబ్దం ముగిసేసరికి 166 బండ్లు, వెయ్యి గుర్రాలు. బెంగాల్ ఉక్కపోతలో ఆ మూగజీవాలు ఎంత అల్లాడాయో! 1902 మార్చి 27న ఎస్ప్లనేడ్ నుంచి ఖిదిర్‌పూర్‌కు కరెంటు ట్రాము కదిలాకే వాటి మెడ మీది కాడి దిగడం మొదలైంది.

కార్మికుడి ఒళ్లు మాత్రం హూనమవుతూనే ఉంది. డ్రైవరు గంటల తరబడి నిలబడే నడపాలి, చేత్తో హ్యాండిల్ తిప్పుతూ, కాలితో గంట తొక్కుతూ. కండక్టరు భుజాన తోలుసంచి. పైన ట్రాలీ కర్ర తీగ తప్పిందంటే, జోరువానలోనైనా కిందికి దిగి, తాడు పట్టి దాన్ని మళ్లీ తీగకు ఆనించాలి.

ఈ మనుషులే 1947లో చేసిన పని తలుచుకుంటే ఒళ్లు జలదరిస్తుంది. అంతకు ముందు ఆగస్టులోనే నగరం మతం పేరుతో నెత్తురోడింది. పక్క వీధికి పోవాలన్నా భయం. అలాంటి ఊళ్లో హిందూ, ముస్లిం ట్రాము కార్మికులు భుజం కలిపి 85 రోజులు సమ్మె చేశారు.

1953 జులై 1న కంపెనీ సెకండ్ క్లాసు ఛార్జీ ఒక్క పైసా పెంచింది. రూపాయికి 64 పైసల కాలం. తూర్పు బెంగాల్ నుంచి కట్టుబట్టలతో వచ్చినవాళ్లతో కిక్కిరిసిన ఊరది. రోజూ రానూపోనూ ఎక్కేవాడికి ఆ పైసా బరువే. పాత ఛార్జీయే ఇస్తామని వెనక పెట్టె భీష్మించుకు కూర్చుంది. హర్తాళ్లు, లాఠీలు, అరెస్టులు. నెల తిరిగేసరికి పెంపు ఆగింది.

1967లో రాష్ట్ర ప్రభుత్వం నిర్వహణ చేపట్టింది, 1976లో సంస్థ జాతీయమైంది. 2024 సెప్టెంబరులో అదే రాష్ట్ర ప్రభుత్వం మైదాన్, ఎస్ప్లనేడ్ ముక్క ఒక్కటి ఉంచి తక్కినవి ఆపేస్తామంది. ఆ ముక్క షికారుకు వచ్చినవాళ్ల కోసం. టిఫిను డబ్బా పట్టుకుని పనికి పోయేవాడికి ఆ బండి ఎక్కి దిగే చోటు లేదు.