బండి ఎత్తు – బాట చరిత్ర

ఒక సీమలోని బాటల చరిత్రను తెలిసికొనగోరువారు శాసనములను, పటములను చూతురు. ఆ సీమలోని బండ్ల ఎత్తును కొలిచినను ఆ చరిత్ర కొంత బోధపడును. నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రాంతములలో సరకుల బండి గడచిన నూరేండ్లలో క్రమముగా నేలకు దగ్గరైనది. చిన్న పికప్ వాహనమును కొని, స్ప్రింగులు కోయించి, అందముకొరకు క్రిందికి దింపుట నేటి యువకులలో కొందరికి వేడుక. అయితే స్వల్పవ్యయముతో బండిని మార్చుకొనుట మన పల్లెలకు క్రొత్త గాదు. ఆ మార్పులు ఏ నియమమునకు లోబడి నడచినవో శ్రోతలకు మనవి చేయుట మా ఉద్దేశము.

పూర్వపు ఎడ్లబండి చక్రము నాలుగు మొదలు ఐదడుగుల ఎత్తుండెడిది. నడుమ కుండ, దానిలో దిగగొట్టిన ఆకులు, వాని చుట్టును పూటీలు, అన్నిటిని బిగించు ఇనుప పట్టా; ఇదియే దాని నిర్మాణము. కమ్మరి పట్టాను ఎర్రగా కాల్చి తొడిగి నీరు పోయగా, అది ముడుచుకొని కొయ్యను బిగబట్టెడిది. ఇంత పెద్ద చక్రము ఎందులకు? చల్క నేలలలో రాళ్లు, రేగడి నేలలలో వానకాలపు బురద, దారిలో వాగులు. చిన్న చక్రము గుంటలో దిగబడును. పెద్ద చక్రము దానిని దాటిపోవును. కనుక ఆ ఎత్తు ఆడంబరము గాదు, బాట విధించిన పన్ను. ఆ పన్నును చెల్లించినవాడు కూలివాడు. ఆముదపు బస్తానైనను, వేరుసెనగ బస్తానైనను రొమ్మెత్తునకు లేపినగాని అది బండి కెక్కెడిది కాదు.

ఈ స్థితిని మార్చిన సాధనము గాలి టైరు. 1888లో బెల్ఫాస్టు నగరమున జాన్ బాయ్డ్ డన్లప్ అను పశువైద్యుడు తన కుమారుని మూడుచక్రముల బండికై దానిని రూపొందించెను. అంతకు పూర్వమే, 1845లో, రాబర్ట్ థామ్సన్ ఇట్టిదానికి పేటెంటు పొందియుండెను గాని అది వాడుకలో నిలువలేదు. డన్లప్ పేరి సంస్థ 1936లో వంగదేశమందలి సాహాగంజ్‌లో కర్మాగారమును నెలకొల్పినది. పశువులు లాగు బండ్లకు ప్రత్యేకముగా టైర్లు తయారగుట మొదలైనది. ఒక పశువైద్యుని యోచన తుదకు ఎద్దుల మెడబరువును తగ్గించుట చిత్రమైన సంగతి.

గాలి టైరు మెత్తనిది. చిన్నదైనను గతుకును తానే మ్రింగుకొనును. కనుక చక్రము చిన్నదయ్యెను, బండి పలక దిగెను, బస్తా నెత్తు శ్రమ తగ్గెను. గట్టి బాటమీద అవే ఎద్దులు మునుపటికంటె ఎక్కువ బరువు లాగజొచ్చినవి. ఇనుప పట్టా కంకర రోడ్డును కోసివేయు బాధయు తగ్గినది.

క్రొత్త ఇరుసును, క్రొత్త టైర్లను కొనజాలని రైతు ఏమి చేసెను? మూలబడిన మోటారువాహనపు ఇరుసును, అరిగిన టైర్లను కొని, వడ్రంగిచే పలక కట్టించుకొనెను. అదియే మన టైరు బండి. దీనితో పోల్చదగిన ప్రయత్నము మరొకటి కలదు. 1972లో పటాన్‌చెరువున వెలసిన ఇక్రిశాట్ సంస్థ, ఎద్దులతో దున్నుటకును సరకు మోయుటకును పనికివచ్చు చక్రముల పనిముట్టును పరీక్షించి ప్రచారము చేసినది. యంత్రము చక్కనిదే, వెల మాత్రము సన్నకారు రైతునకు అందనిది. అందుచే అది వ్యాపింపలేదు. పాత ఇనుముతో చేసిన బండి ఊరూర తిరిగినది. వెల తక్కువగుటయు ఒక గుణమే యని పండితులకు రైతులు నేర్పిన పాఠమిది.

ఈ మార్పువలన నష్టపడినవారు లేకపోలేదు. చక్రములు చేయు వడ్రంగికిని, పట్టా తొడుగు కమ్మరికిని పని తరిగినది. ఆకులు చెక్కు నేర్పు పెక్కు ఊళ్లలో వారితోనే అంతరించినది. కూలివాని నడుము తేలికపడిన చరిత్రలో ఈ నష్టమును గూడ లెక్కింపవలెను.

2005లో టాటా ఏస్ అను చిన్న సరకుబండి వెలువడినది. రెండు సిలిండర్ల డీజిల్ యంత్రము, పన్నెండంగుళముల చక్రములు, ముప్పాతిక టన్ను మోత. జడ్చర్ల మీదుగా కర్నూలునకును, సూర్యాపేట మీదుగా విజయవాడకును పోవు రహదారులు బాగుపడుటచే ఇంత చిన్న చక్రములు చెల్లినవి. కాని యజమాని దీనిని దింపడు. కమానులకు మరి రెండు పట్టీలు చేర్చి పైకి లేపును. ఎక్కువ బరువు వేయుట అతని కోరిక. అమెరికాలోని కాలిఫోర్నియాయందు మెక్సికో సంతతి యువకులు దీనికి విరుద్ధముగా ఇసుక బస్తాలు వేసియు, స్ప్రింగులు కోసియు కార్లను నేలకు దింపిరి. తరువాతి కాలమున చిన్న పికప్‌లును అట్లే దిగినవి. మెల్లగా, ఠీవిగా పోవుట వారికి గౌరవచిహ్నము. 1958లో అచటి చట్టము, వాహన శరీరము చక్రపు లోహపు అంచుకంటె దిగువకు రాగూడదని శాసించినది.

మన దేశమందును 1988 నాటి మోటారు వాహనముల చట్టములోని 52వ సెక్షను, తయారీదారు నిర్దేశమునకు విరుద్ధమైన మార్పులను నిషేధించుచున్నది. 2019 జనవరిలో సర్వోన్నత న్యాయస్థానము దీనిని దృఢపరచినది. అదే సంవత్సరపు సవరణచే అట్టి ఒక్కొక్క మార్పునకు ఐదువేల రూపాయల జరిమానాయో, ఆరునెలలవరకు కారాగారమో, రెండునో విధింపవచ్చును. ఇది కేవలము అధికారుల పట్టుదల గాదు. స్ప్రింగు కోసినచో ఇరుసు చట్రమును తాకును; పట్టీలు చేర్చి బరువు పెంచినచో బ్రేకు చాలదు.

టైరు బండిని దింపిన రైతు శాస్త్రము చదువలేదు. కాని బాట ఎంతవరకు ఒప్పునో అంతవరకే దింపెను. ఎద్దు అలసినచో నిలిచిపోయెడిది. ఆ నిలుచుటయే అతనికి హెచ్చరిక. యంత్రము ఆ హెచ్చరిక చేయదు. కనుక తక్కువ ఖర్చుతో బండిని మార్చదలచువారు బాటను, బరువును, బ్రేకును ముందుగా తూచుకొనవలెను. వీనిని తూచకుండ మిగిల్చిన సొమ్ము చౌక గాదు. దాని వెలను బండిలోనివారో, ఎదుట వచ్చువారో చెల్లింతురు.