మాంటూ సూది పొంగితే ఏమిటర్థం?

ఇంట్లో ఒకరికి క్షయ బయటపడితే మిగతావాళ్ళలో కొందరికి ముంజేతి మీద మాంటూ పరీక్ష చేస్తారు. చర్మం పైపొరలో చిన్న సూది వేసి, 48 నుంచి 72 గంటల తర్వాత రమ్మంటారు. ఆస్పత్రి చీటీ కన్నడంలో ఉన్నా, తమిళంలో ఉన్నా, ఒడియాలో ఉన్నా, రెండు రోజులు ఎందుకు ఆగాలో అందులో రాసి ఉండదు. అందుకే ఇక్కడ రాస్తున్నాం.

ఆ ఆలస్యం టీ కణాలది. ఇవి తెల్ల రక్తకణాల్లో ఒక రకం. ఎముక మజ్జలో పుట్టి, గుండెకు పైన ఉండే థైమస్ గ్రంథిలో తర్ఫీదు పొందుతాయి. సొంత ఒంటినే శత్రువనుకునేవి చాలావరకు అక్కడే నశిస్తాయి.

క్షయ క్రిమి ఊపిరితిత్తుల్లో చేరితే డెండ్రైటిక్ కణాలు దాన్ని మింగి, దాని ముక్కలను దగ్గరి లింఫు గ్రంథికి మోసుకెళ్ళి టీ కణాలకు చూపిస్తాయి. ఆ ముక్కకు సరిపోయే టీ కణం దొరికినా చాలదు. ప్రమాదం నిజమేనని చెప్పే రెండో సంకేతం సీడీ28 అనే గ్రాహకం ద్వారా అందాలి. అది అందకపోతే ఆ కణం మొద్దుబారిపోతుంది. ఇలా రెండు తాళాలు ఉండబట్టే మన ఒంటిని మనమే కొట్టుకోకుండా ఉన్నాం.

రెండూ అందిన కణం కొద్ది రోజుల్లో వేల కణాలవుతుంది. సీడీ8 రకం, క్రిమి సోకిన కణానికి పెర్ఫోరిన్‌తో రంధ్రం చేసి చంపుతుంది. సీడీ4 రకం సాయపడేది. క్షయలో అసలు బరువు దీనిమీదే. క్రిమిని మింగిన మాక్రోఫేజ్ కణంలోనే ఆ క్రిమి హాయిగా బతుకుతుంది. సీడీ4 కణాలు వదిలే ఇంటర్‌ఫెరాన్-గామా అందాకే మాక్రోఫేజ్‌కు దాన్ని అణచే బలం వస్తుంది. చంపలేకపోయినా చుట్టూ కణాల గోడ కడతాయి. క్రిమి లోపల ఏళ్ళ తరబడి నిద్రపోతుంది.

పని ముగిశాక చాలా టీ కణాలు చచ్చిపోతాయి, కొన్ని జ్ఞాపకంతో మిగులుతాయి. మాంటూ సూదిలో ఉండేది క్రిమి ప్రోటీన్లే, బతికున్న క్రిమి కాదు. జ్ఞాపక కణాలు అక్కడికి చేరి, మిగతావాటిని పిలిచి, చర్మం గట్టిపడేసరికి రెండు రోజులవుతుంది. కొలవాల్సింది ఎరుపును కాదు, గట్టిదనాన్ని. మామూలుగా 10 మిల్లీమీటర్లు, హెచ్‌ఐవీ ఉన్నవారికి 5. పొంగితే జబ్బు ఉన్నట్టు కాదు, టీ కణాలకు ఆ క్రిమితో పరిచయం ఉందని. బీసీజీ టీకా వల్ల కూడా పొంగవచ్చు. సోకిన కొత్తలో పొంగకపోవచ్చు కూడా, ఎందుకంటే కణాలు సిద్ధమవడానికి 2 నుంచి 8 వారాలు పడుతుంది.

బీసీజీ మన దేశంలో 1948లో మదనపల్లెలో మొదలైంది. 1968లో చెంగల్పట్టు జిల్లాలో మొదలుపెట్టిన పెద్ద పరిశీలనలో అది పెద్దవాళ్ళ ఊపిరితిత్తుల క్షయను ఆపలేదని తేలింది. పసిపిల్లలను మెదడు పొరల క్షయ నుంచి కాపాడుతుంది గనుక ఇప్పటికీ వేస్తున్నారు.

క్రిమి సోకినవారిలో 5 నుంచి 10 శాతం మందికే జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు జబ్బు బయటపడుతుంది. హెచ్‌ఐవీ, అదుపులో లేని షుగరు, ఎక్కువకాలం వాడే స్టెరాయిడ్లు, కీళ్ళవాతానికి ఇచ్చే కొన్ని ఇంజెక్షన్లు ఆ గోడను వదులు చేస్తాయి. పెళ్ళి సంబంధాలు చెడతాయని పాత ఇళ్ళలో క్షయ మాట దాచేవారు. అలాంటి ఇంట్లో తాతగారికో అమ్మమ్మకో కీళ్ళవాతం ఇంజెక్షన్ మొదలుపెట్టబోతుంటే, ఒకప్పుడు ఇంట్లో ఎవరికి క్షయ వచ్చిందో డాక్టరుకు ముందే చెప్పండి.