ఇసుక గుంట నుంచి నిచ్చెన దాకా

2020 మార్చిలో బళ్ళు మూసిన వారానికే మా ఇంట్లో బడి మొదలైంది. మన్యం కొండల్లో చింతపల్లి మాది, రెండు గదుల ఇల్లు. పెద్దమ్మాయికి పదకొండేళ్ళు, అబ్బాయికి ఎనిమిది, చిన్నదానికి అయిదు ఇంకా నిండలేదు. నాకు తెలిసిన పద్ధతిలోనే మొదలుపెట్టాను. పొద్దున్న ఒక గంట పెద్దదానికి లెక్కలు, తర్వాత గంట వాడికి తెలుగు, ఆ తర్వాత చిన్నదానికి అక్షరాలు. పెద్దదానికి భిన్నాలు చెబుతుంటే చిన్నది ఒళ్ళోకి వచ్చి బలపం లాక్కునేది. దాన్ని పక్కన కూర్చోబెట్టేలోగా వాడు వీధిలో ఉండేవాడు. పది రోజులకు నా గొంతు పోయింది. ముగ్గురికి చెప్పాలంటే ముగ్గురు అమ్మలు కావాలనిపించింది.

పదకొండో రోజు మాట పెగలక, గుమ్మంలో కూర్చుని రాజ్‌మా గింజలు ఏరుతున్నాను. పెద్దది పెరట్లో మట్టి చదును చేసి, చెల్లెలి వేలు పట్టుకుని ‘అ’ దిద్దిస్తోంది. వాడు అక్క నోటుబుక్కు తిరగేస్తూ మూడో వంతునూ నాలుగో వంతునూ చూపించి, “అక్కా, వీటిలో ఏది పెద్దది?” అన్నాడు. మూడు కంటే నాలుగు పెద్దది కాబట్టి నాలుగో వంతే పెద్దదని మూడు రోజులుగా నాతో వాదిస్తున్న పిల్ల అది. తమ్ముడి దగ్గర తప్పు చెప్పడం ఇష్టంలేక నా చేటలోంచి పన్నెండు గింజలు పట్టుకెళ్ళింది. ముగ్గురికని పంచింది, నాలుగేసి వచ్చాయి. నలుగురికని పంచింది, మూడేసి వచ్చాయి. కాసేపు వాటివంకే చూసి, “ఎక్కువమందికి పంచితే తక్కువొస్తాదిరా” అంది. ఆ మాట తమ్ముడితో అన్నా, అర్థమైంది మాత్రం ముందు తనకే.

ఆ పొద్దున్న నేను చూసినది కొత్త సంగతి కాదు. మన వీధిబడి దాని మీదే నడిచింది. ప్రపంచం ఒకసారి దాన్ని మన దగ్గరే నేర్చుకుని, తీసుకెళ్ళి పాడుచేసుకుంది. చాలా కాలానికి అది మళ్ళీ మదనపల్లె దగ్గర ఒక లోయలో కొత్త రూపంలో పుట్టింది. ఒకే గదిలో పలు వయసుల పిల్లలకు చెప్పుకునే ప్రతి అమ్మకూ ప్రతి పంతులుకూ ఈ కథ తెలియాలని నాకు గట్టిగా అనిపిస్తుంది.

1822లో మద్రాసు గవర్నరు థామస్ మన్రో, తమ జిల్లాల్లో బళ్ళెన్నో చదువుకునే పిల్లలెందరో చెప్పమని కలెక్టర్లను అడిగాడు. అందరి జవాబుల్లోకీ బళ్ళారి కలెక్టరు ఎ.డి. క్యాంప్‌బెల్ 1823లో రాసినది చదివి తీరాలి. ఆయన అప్పటికే, 1816లో, తెలుగు వ్యాకరణం అచ్చువేసిన మనిషి. జిల్లాలో 533 బళ్ళు, 6,641 మంది పిల్లలు అని లెక్క చెప్పాడు. అందులో 226 తెలుగు బళ్ళు. లెక్కతో ఆగకుండా బడి లోపల ఏం జరుగుతుందో కూడా రాశాడు. పొద్దున్న ఆరింటికి బడి. అందరికంటే ముందొచ్చిన పిల్లవాడి అరచేతిలో సరస్వతి పేరు రాస్తారు. రెండోవాడికి సున్న. మూడోవాడికి మెల్లగా ఒక దెబ్బ, నాలుగోవాడికి రెండు, అలా పెరుగుతూ పోతాయి. అక్షరాలు ముందు ఇసుకలో వేలితో దిద్దాలి. మనవాళ్ళు గుంట ఓనమాలు అన్నది ఇదే. పిల్లలు సాధారణంగా నాలుగు జట్లు. కింది జట్లను చాలావరకు పెద్ద పిల్లలు చూసుకుంటారు, పై జట్టు పంతులు దగ్గర ఉంటుంది, పంతులు కన్ను మాత్రం అందరి మీదా ఉంటుంది. ఒక జట్టులోంచి పై జట్టులోకి పిల్లవాడు వయసునుబట్టి కాక వచ్చిన చదువునుబట్టి వెళ్తాడు.

ముందు నేర్చినవాడు వెనకవాడికి నేర్పే ఈ తీరును క్యాంప్‌బెల్ మెచ్చుకున్నాడు, ఇంగ్లండు దీన్ని చూసి నేర్చుకోవడం సబబే అన్నాడు. పిల్లలు అర్థం తెలియని పద్యాలు బట్టీపడుతున్నారని తప్పూ పట్టాడు. ఆ రెండూ నిజమే. ఆ వీధిబడి అరుగు మీద ఆడపిల్లలు కనబడటమే అరుదన్నదీ నిజమే, మా కొండల దాకా ఆ అరుగు రానే లేదన్నదీ నిజమే.

ఇంగ్లండుకు ఇది చేరింది ఆండ్రూ బెల్ చేతుల మీదుగా. 1789లో ఆయన మద్రాసు ఎగ్మూరులో సైనికుల అనాథ బాలుర ఆశ్రమానికి అధికారి. దారిలో ఒక వీధిబడిలో పిల్లలు ఇసుకలో అక్షరాలు దిద్దడం చూశాడు. ఆశ్రమంలోనూ అలా నేర్పమంటే అక్కడి పంతుళ్ళు కుదరదన్నారు. ఆయన ఎనిమిదేళ్ళ పిల్లవాణ్ణి, జాన్ ఫ్రిస్కెన్‌ని, పిలిచి చిన్న పిల్లల జట్టు అప్పగించాడు. పెద్దలు కాదన్నది ఆ పిల్లవాడు చేసి చూపించాడు. నాకు ఈ మొత్తం కథలో అందరికంటే దగ్గరివాడు ఫ్రిస్కెనే. మా అబ్బాయిది అప్పుడు సరిగ్గా అదే వయసు.

బెల్ స్వదేశం వెళ్ళి 1797లో ఈ ప్రయోగం గురించి పుస్తకం వేశాడు. దానికి మద్రాసు పద్ధతి అనే పేరు స్థిరపడింది. లండన్‌లో జోసెఫ్ లాంకాస్టర్ అటువంటి బడే నడిపాడు. 1811 తర్వాత ఇంగ్లండంతా పాకింది. చెడింది అక్కడే. అరుగు మీద పదిమంది మధ్య నడిచినదాన్ని వందలమంది పిల్లలున్న హాల్లోకి తెచ్చి, పెద్ద పిల్లల్ని చవకగా దొరికే మేస్త్రీల్లా వాడుకున్నారు. చిన్నవాడికి చెబుతూ పెద్దవాడు నేర్చుకోవడం అన్నది పోయి అప్పజెప్పించడం మిగిలింది. తర్వాత వయసువారీ తరగతులు వచ్చాయి. మన బళ్ళకూ అవే వచ్చాయి. ఒకే తల్లి పిల్లలు ఒకటో తరగతి, మూడో తరగతి, ఆరో తరగతి గోడల వెనక విడిపోయారు.

ఆ గోడలకు ఒప్పుకోనివాళ్ళు మధ్యలో ఉన్నారు. మరియా మాంటిస్సోరి 1907లో రోమ్‌లో తెరిచిన బడిలో వేర్వేరు వయసుల పిల్లలు కలిసే ఉండేవారు. ఆమె 1939లో మద్రాసు అడయారు వచ్చింది, యుద్ధం వల్ల ఇండియాలోనే చిక్కుకుపోయింది. ఆ రోజుల్లో కొడైకెనాల్‌లో చిన్నా పెద్దా పిల్లలంతా చేరిన చిన్న బడిలోనే ఆరేళ్ళు దాటిన పిల్లల చదువుకు కావలసిన ఆలోచన ఆమెకు చిక్కబడింది.

ఇక రిషివ్యాలీ. జిడ్డు కృష్ణమూర్తి పుట్టిన మదనపల్లెకు దగ్గర్లోని ఆ బడి చుట్టూ పల్లెలున్నాయి. 1980ల్లో వై.ఎ. పద్మనాభరావు, రమ దంపతులు ఆ పల్లెల పిల్లల కోసం పనిలోకి దిగారు. ఒకటే గది, ఒకరే టీచరు, ఒకటి నుంచి అయిదు దాకా అందరూ అందులోనే. పాఠ్యపుస్తకం మాత్రం గదికో తరగతి, తరగతికో టీచరు ఉన్నట్టు రాసి ఉంటుంది. వాళ్ళు ఆ పుస్తకాన్ని విప్పి కార్డులు చేశారు. ఒక్కో సబ్జెక్టునూ మెట్లుగా కోశారు. మెట్టుకు కొన్ని కార్డులు. ఒకటి కొత్త సంగతి చెబుతుంది, కొన్ని అభ్యాసం చేయిస్తాయి, ఒకటి పరీక్షిస్తుంది. వస్తే ముందుకు, రాకపోతే ఇంకో దారిలో మళ్ళీ అదే. ఏ కార్డు తర్వాత ఏదో చెప్పే పటం గోడ మీద నిచ్చెనలా ఉంటుంది. కార్డు మీద బొమ్మ గుర్తు ఉంటుంది కాబట్టి చదవడం రాని పిల్ల కూడా తన కార్డు తనే తీసుకుంటుంది.

పిల్లలు కూర్చునే తీరులో ఇంకా పెద్ద ఉపాయం ఉంది. టీచరు పూర్తిగా దగ్గరుండవలసిన జట్టు ఒకటి, అప్పుడప్పుడు చూస్తే చాలనే జట్టు ఒకటి, ఒకరికొకరు చెప్పుకునే జట్టు ఒకటి, ఎవరి పని వాళ్ళు చేసుకునే జట్టు ఒకటి. కార్డు మారితే జట్టు మారుతుంది. కాబట్టి ఏ పిల్లా రోజంతా పంతులమ్మ కాదు, ఏ పిల్లా రోజంతా శిష్యురాలు కాదు. ఇంగ్లండు చేసిన తప్పుకు సరైన జవాబు ఇదని నా నమ్మకం. 1995లో మైసూరు జిల్లా హెచ్.డి. కోటెలో మొదలైన ‘నలి కలి’ అనే చదువు పద్ధతికి దారి చూపింది ఈ పనే. 2003లో చెన్నై కార్పొరేషన్ బళ్ళు మొదలుపెట్టిన కార్డుల చదువుకూ మూలం ఇక్కడే ఉంది.

నిచ్చెన విలువ మా కొండల్లో తెలిసినంత బాగా ఇంకెక్కడా తెలియదేమో. ఇక్కడ ఊరంటే చాలాచోట్ల ఇరవై ఇళ్ళు. నవంబరు నుంచి కాఫీ పళ్ళు కోతకొస్తాయి. పిల్లలు తోటలోకి వెళ్తారు, సంకలో తమ్ముణ్ణి పెట్టుకుని అక్క ఇంట్లో ఉండిపోతుంది. తిరిగొచ్చేసరికి తరగతి ఇరవై పేజీలు దాటిపోయి ఉంటుంది, ఆ పిల్ల వెనక బెంచీలో మూగదవుతుంది. నిచ్చెన అయితే ఆగిన మెట్టు దగ్గరే ఎదురుచూస్తుంది. దాని పక్కనే భాష చిక్కు. ఇంట్లో కువి మాట్లాడే పిల్లకు తెలుగు కార్డు రెండు మెట్ల ఎత్తు. ఆ చిక్కును పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తి ముందే చూశారు. సవర నేర్చుకుని, సవరలోనే వాచకాలు రాసి, సవర పిల్లలకు బళ్ళు పెట్టారు. 2004లో అప్పటి ఉమ్మడి రాష్ట్రంలో ఎనిమిది గిరిజన భాషల్లో చదువు మొదలుపెట్టినప్పుడు సవరతోపాటు కువీ, ఆదివాసీ ఒడియా వాటిలో ఉన్నాయి.

ఇదంతా కొద్దికొద్దిగా తెలిశాక మా గోడకూ ఒక నిచ్చెన వచ్చింది. కార్డులకు పాత శుభలేఖల వెనక్కి తిప్పిన అట్టలు. లెక్కలకు కాఫీ పండు బొమ్మ, తెలుగుకు మిరియాల తీగ, బొమ్మలన్నీ చిన్నదే వేసింది. మొదటి నెలలో ఒక పొరపాటు చేశాను. గొంతుకు సుఖంగా ఉందని పెద్దదాని మీదే అంతా వదిలేశాను. ఒక సాయంత్రం అది కార్డుల పెట్టె నా ముందు పెట్టి, “నా లెక్కలు ఎవరు చూస్తారమ్మా?” అంది. మర్నాటి నుంచి పొద్దున్న మొదటి గంట పూర్తిగా దానిది. మిగతా ఇద్దరూ ఆ గంటలో సొంతంగా చేసుకునే కార్డులు తీసుకునేవారు. అయిదేళ్ళు నిండని పిల్ల గంటసేపు పిలవకుండా ఉండటం ఎలా కుదిరిందంటే, దాని కార్డులన్నీ చేతిపనులే. గింజలు పదేసి కట్టలు కట్టడం, మట్టిలో దిద్దడం, ఆకులు పొడవునుబట్టి పేర్చడం.

బళ్ళు తెరిచాక ముగ్గురూ వెళ్ళారు, నిచ్చెన సాయంత్రాలకు మారింది. ఇప్పుడు పెరట్లో మట్టి చదును చేసేది మా చిన్నది. దాని పక్కన పక్కింటి మూడేళ్ళ పిల్లవాడు గొంతుక్కూర్చుని ఉంటాడు. నేను గుమ్మంలో గింజలేరుతూ ఉంటాను. వాళ్ళు పిలిచేదాకా లేవను.