వక్క తోటల మధ్య నాటకాల ఊరు హెగ్గోడు

ఈసారి పంట గురించి కాదు, పంట పండించేవాళ్లు నిలబెట్టిన ఒక నాటక సంఘం గురించి రాస్తున్నా. కొంచెం పొడుగ్గా ఉంటుంది, తీరిగ్గా చదవండి.

మన పల్లెల్లో నాటకం అంటే ఏం గుర్తొస్తుంది? హార్మోనియం, పద్యాలు, అద్దెకు తెచ్చిన కిరీటాలు, ఒక్క రాత్రి. తెల్లారితే పందిరి విప్పేస్తారు. మా ఊళ్లోనూ అంతే. చందాల లెక్క దగ్గర రెండు వర్గాలు తగువుపడి "ఈ ఏడాదికి వద్దులే" అన్నారు. ఆ ఏడాది ఇంకా అయిపోలేదు.

నేను చెప్పబోయే ఊళ్లో 1949లో పుట్టిన సంఘం ఇప్పటికీ నడుస్తోంది. అదెట్లా కుదిరిందన్నదే నాకు ఆసక్తి.

ఊరి పేరు హెగ్గోడు. కర్ణాటకలో శివమొగ్గ జిల్లా, సాగర తాలూకా. జోగ్ జలపాతం ఉన్న తాలూకానే. కొండలు, అడవి, ఆగకుండా కురిసే వాన, లోయల్లో వక్క తోటలు. మా అనంతపురం వైపు అమరాపురం, రొళ్ల దగ్గర వక్క తోటలు చూసినవాళ్లకు చెట్టు తెలుసు గానీ ఆ మలెనాడు తీరు వేరు. ఇళ్లన్నీ ఒకచోట గుమిగూడి, మధ్యలో రచ్చకట్ట ఉండే మన ఊళ్ల లాంటివి కావు అవి. ఎవరి తోట దగ్గర వాళ్ల ఇల్లు. మనిషిని మనిషి కలవాలంటే గుడికి రావాలి, లేదా యక్షగానం రాత్రి కలవాలి, లేదా వక్క ఒలిచేటప్పుడు. పచ్చి కాయ కోసిన తర్వాత ఎక్కువ రోజులు ఉంచకూడదు, ఒలిచి ఉడకబెట్టి ఎండబెట్టాలి. అందుకని కోతల కాలంలో పొద్దుగూకాక ఇరుగుపొరుగు వరసగా కూచుని, పీటకు బిగించిన కత్తి మీద కాయ ఒలుస్తూ కథలు చెప్పుకుంటారు. మనకు ఒకప్పుడు వేరుశనగ కాయలు ఒలిచే రాత్రులు ఉండేవి చూడండి, ఆ మాదిరి.

అట్లాంటి చోట కొందరు కుర్రాళ్లు, రైతులు కలిసి సంఘం పెట్టుకున్నారు. వాళ్లలో ముఖ్యుడు కె.వి. సుబ్బణ్ణ. 1932లో పుట్టాడు, అప్పటికి పదిహేడేళ్లు. సంఘానికి ఏం పేరు పెట్టారో గమనించండి. గొప్ప గొప్ప కళామాటలేవీ కాదు. నీలకంఠేశ్వర నాట్య సేవా సంఘం. ఊరి దేవుడి పేరు. దాన్నే కుదించి నీనాసం అంటున్నారు.

సుబ్బణ్ణ మైసూరు పోయి చదివాడు, కువెంపు దగ్గర పాఠం విన్నాడు. చదువైపోయాక నగరంలో ఉండిపోకుండా తిరిగి తోట దగ్గరికే వచ్చాడు. ఊళ్లోనే అక్షర ప్రకాశన పేరుతో పుస్తకాల అచ్చు పని పెట్టాడు. ఇక్కడ ఒక మాట. నాటకంతో ఇల్లు గడవాల్సిన అవసరం ఆయనకు లేదు. ఇల్లు వక్క గడిపింది. మన కడప జిల్లా సురభి వాళ్లతో పోల్చి చూడండి. 1885లో సురభి గ్రామంలో కీచక వధ ఆడి మొదలుపెట్టిన ఆ కుటుంబాలకు నాటకమే పొలం, నాటకమే పంట. టికెట్ తెగితేనే పొయ్యి వెలిగేది. అందుకే డేరా భుజాన వేసుకుని ఊరూరా తిరగక తప్పలేదు. హెగ్గోడు వాళ్లు కదలకుండా ఉండగలిగారంటే వెనక తోట ఉంది కాబట్టి. గొప్పదనం పక్కన పెట్టి ముందు ఈ లెక్క చూడాలి, రైతులం కదా.

తోట ఉందంటే ఇంకో ప్రశ్న వస్తుంది. ఎవరి తోట? పని ఎవరిది?

సంఘం పెట్టిన రెండేళ్లకే, 1951లో, అదే తాలూకాలో కాగోడు గ్రామంలో కౌలు రైతులు తిరగబడ్డారు. మనకు కుంచం ఉన్నట్టు వాళ్లకు కొలగ అని కొలత పాత్ర. భూస్వాములు కౌలు వడ్లు కొలిచేటప్పుడు పెద్ద కొలగ వాడేవాళ్లు. ఆ కొలత సరిచేయమన్నదే గొడవ. కౌలుదార్లలో ఎక్కువమంది దీవరు కులం వాళ్లు. గణపతియప్ప ముందుండి నడిపాడు, సోషలిస్టులు వెంట నిలిచారు, రామ్ మనోహర్ లోహియా అక్కడికి వచ్చి అరెస్టయ్యాడు. 1974 భూసంస్కరణల చట్టం దాకా సాగిన కథకు మొదలు అక్కడే అని కర్ణాటకలో చెప్పుకుంటారు.

కాబట్టి తోటల యజమానుల పిల్లలు నాటక సంఘం పెట్టి "ఇది మన ఊరిది" అంటే, కౌలుదారు ఇంటివాళ్లు వెంటనే నమ్మి వచ్చి ముందు వరసలో కూచుంటారా? నేనైతే కూచోను. సుబ్బణ్ణ కూడా లోహియా ఆలోచనల ప్రభావంలో పెరిగినవాడే. ఈ చిక్కు ఆయనకు తెలియకుండా ఉండదు. నాటకం వేసినంత మాత్రాన ఆ గోడ కూలిందని నేను అనను. కానీ తర్వాత వాళ్లు చేసిన పనులు చూస్తే, తలుపు ఎవరి కోసం తెరిచారో కొంత తెలుస్తుంది.

1972లో ఊళ్లో పక్కా రంగస్థలం కట్టారు. శివరామ కారంత పేరు పెట్టారు. చిన్న పల్లెలో నిజమైన థియేటరు! మరుసటేడు, 1973లో, చిత్రసమాజ అని ఫిల్మ్ సొసైటీ. నాకు బాగా నచ్చిన ముక్క ఇదే.

పల్లెటూరి వాళ్లకు ఏ సినిమా వేస్తారు? ఏ ఆఫీసరును అడిగినా "భక్తి సినిమా వేయండి, లేదంటే ఎరువుల మీద డాక్యుమెంటరీ వేయండి" అంటాడు. వీళ్లు సత్యజిత్ రాయ్ పథేర్ పాంచాలీ వేశారు. జపాన్ కురోసావా రషోమన్ వేశారు. ఇటలీ సినిమా బైసికిల్ థీవ్స్ వేశారు. పుణెలోని జాతీయ ఫిల్మ్ ఆర్కైవ్‌లో పి.కె. నాయర్ ఉండేవాడు, ఆయన ఈ పల్లెకు రీళ్లు పంపేవాడు. పుణె ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్‌లో పాఠాలు చెప్పే సతీష్ బహదూర్ వచ్చి, సినిమా ఎలా చూడాలో తరగతులు పెట్టాడు. నాయర్ మీద 2012లో సెల్యులాయిడ్ మ్యాన్ అని డాక్యుమెంటరీ వచ్చింది. అందులో హెగ్గోడు మనుషులు ఆ సినిమాల గురించి మాట్లాడతారు. దొరికితే చూడండి.

ఎందుకు అర్థం కాదు చెప్పండి? సైకిలు పోతే బతుకుతెరువు పోయినవాడి కథ అది. ఎద్దు పోయినవాడికి అది వేరే దేశం కథ ఎట్లా అవుతుంది? రషోమన్‌లో ఒకే సంగతిని తలా ఒక రకంగా చెబుతారు. గట్టు తగాదా పంచాయితీలో ఒక్కసారి కూచున్నవాడికి ఆ సినిమా కొత్తేం కాదు. మనకు పల్చన చేసి పొయ్యకుండా చిక్కగానే ఇచ్చారు. ఊరికీ సంఘానికీ మధ్య ముడి గట్టిపడింది ఇక్కడే అని నా అభిప్రాయం. మనల్ని తక్కువ చేసి మాట్లాడేవాడి దగ్గరికి మనం రెండోసారి పోం కదా.

1980లో నాటక శిక్షణ బడి పెట్టారు. తర్వాత ఫోర్డ్ ఫౌండేషన్ సాయంతో జనస్పందన అనే పథకం కింద కర్ణాటక పల్లెల్లో నాటకం, సినిమా శిబిరాలు నడిపారు. బయటి డబ్బు వచ్చినప్పుడు సంఘాలు ఎట్లా పాడవుతాయో మనకు తెలుసు. గ్రాంటు ఉన్నన్నాళ్లు బోర్డు, అయిపోతే తాళం. ఇక్కడ అట్లా కాలేదు. 1985లో తిరుగాట మొదలైంది. పేరు మనకూ అర్థమవుతుంది, తిరగడమే. ఏటా కొత్త నాటకాలు తయారుచేసి బృందం రాష్ట్రమంతా తిరుగుతుంది. షేక్‌స్పియర్ ఉంటాడు, సంస్కృత నాటకం ఉంటుంది, కన్నడ నాటకం ఉంటుంది. ఏ ఊళ్లో ఆడితే ఆ ఊరి సంఘమో కాలేజో పిలిచి ఖర్చు చూసుకుంటుంది. గ్రాంటు గడువు తీరినా బండి ఆగకపోవడానికి కారణం ఆ పిలిచేవాళ్లే.

సిద్దీల సంగతి చెప్పకపోతే ఈ రాత సగమే. వందల ఏళ్ల కింద ఆఫ్రికా నుంచి బానిసలుగా తెచ్చినవాళ్ల సంతతి సిద్దీలు. ఉత్తర కన్నడ జిల్లా యల్లాపుర వైపు అడవుల్లో కూలి చేసుకుని బతుకుతున్నారు. 1980లలో నీనాసం వాళ్లు మంచికేరి దగ్గర సిద్దీలతో నాటకం చేయించారు. చి.రా. జంబె దర్శకుడు. ఎంచుకున్నది నైజీరియా రచయిత చినువా అచెబె నవల, థింగ్స్ ఫాల్ అపార్ట్. ఆఫ్రికా పల్లెలోకి తెల్లవాళ్లు వచ్చాక ఆ పల్లె ఏమైందన్న కథ. ఆఫ్రికా మూలాలున్న మనుషులు, కన్నడంలో, తమ అడవి పక్కనే దాన్ని ఆడారు. తర్వాత సిద్దీ పిల్లలు హెగ్గోడు బడికి వచ్చి నటులుగా తయారయ్యారు. కొలగ గొడవ జరిగిన తాలూకాలో పుట్టిన సంఘం ఇంత దూరం వచ్చింది.

1991లో సుబ్బణ్ణకు మెగసెసే అవార్డు వచ్చింది. అవార్డు వచ్చాక మనిషి ఊరు వదిలేస్తాడంటారు. ఆయన వదల్లేదు, 2005లో పోయేదాకా అక్కడే.

నాటకం వల్ల వచ్చిన ఇంకో సంగతి. ప్రసన్న అని పేరున్న దర్శకుడు, నగరాల్లో పనిచేసినవాడు, హెగ్గోడులో స్థిరపడ్డాడు. 1990లలో అక్కడి ఆడవాళ్లతో చరక అని చేనేత సహకార సంఘం పెట్టించాడు. రసాయనాల రంగులు కాకుండా సహజ రంగులు వాడతారు. వక్క ఉడకబెట్టిన నీళ్లు కూడా వాళ్లకు రంగే. మనం పారబోసేది అక్కడ చీర మీద ఉంది.

మన తెలుగువాళ్లకు కూడా ఒక పాయ ఉంది. నీనాసంతో దగ్గరగా మెలిగి, వాళ్లకు గోకుల నిర్గమన లాంటి నాటకం చేసిపెట్టిన బి.వి. కారంత్, 1990లలో మన సురభి వాళ్లతో కూచుని భీష్మ, చండీప్రియ, బస్తీ దేవత యాదమ్మ చేయించాడు. యాదమ్మ నాటకం మూలం జర్మనీ బ్రెక్ట్‌ది. హైదరాబాద్ బస్తీ మాటలో వింటే ఎవరూ నమ్మరు.

పోవాలనుకునేవాళ్లకు: ఏటా అక్టోబరులో హెగ్గోడులో సంస్కృతి శిబిరం పెడతారు. పగలు చర్చలు, సాయంత్రం నాటకాలు. బెంగళూరు నుంచి తాళగుప్ప రైలెక్కి సాగరలో దిగితే అక్కడి నుంచి బస్సు. అక్టోబరంటే మనకు కాయ పీకే పని ఉంటుంది, తెలుసు. నేనూ ప్రతి ఏడూ అదే అనుకుని ఆగిపోతున్నా.

మీ ఊళ్లో చివరి నాటకం ఏ ఏడు వేశారో, ఎందుకు ఆగిందో గుర్తుంటే రాయండి.