ప్రాణవాయువు అప్పు

వడిగా పరుగెత్తినవాడు ఆగిన పిమ్మటను చాలసేపు రొప్పుచుండును. పని ముగిసినది గదా, ఈ రొప్పు దేనికి?

ప్రాణవాయువు లేక శ్రమించిన కప్ప కండరమున లాక్టికామ్లము పేరుకొనుననియు, ప్రాణవాయువు దొరకగనే అది తరుగుననియు 1907లో కేంబ్రిడ్జియందు ఫ్లెచరు, హాప్కిన్సు చూపిరి. మాంచెష్టరులో ఏ. వి. హిల్ దీనిని మనుష్యులయందు పరీక్షింపబూనెను. వీపున సంచి కట్టుకొని, విడిచిన ఊపిరిని దానిలో పట్టుచు, పచ్చికపై తానే పరుగెత్తెను! ఆగిన పిదప దేహము అధికముగా గ్రహించు ప్రాణవాయువును హిల్, లప్టను 1923 నాటి వ్యాసమున ‘ప్రాణవాయు ఋణము’ అనిరి. పరుగువేళ చేసిన అప్పు పిదప తీరుచున్నదని భావము. ఆమ్లమును వదిలించుటయే ఆ తీర్చుట.

మాట చక్కనిదే, లెక్కయే కుదురలేదు. లాక్టికామ్లము పుట్టనీయని విషమిచ్చినను కండరము కొంతసేపు పనిచేయునని 1930లో లుండ్స్‌గార్డు నిరూపించెను. తీర్చినది తీసికొన్నదానికంటె హెచ్చుగా తేలుచుండెను. వడ్డీవ్యాపారికిది వింత గాదు గాని, శాస్త్రజ్ఞునకు వింతయే. తుదకు 1984లో గేసరు, బ్రూక్సు ఆ పేరునే విడువవలెననిరి. ఆ ప్రాణవాయువులో కొంత, కండరములలో ఖర్చయిన క్రియాటిన్ ఫాస్ఫేటును తిరిగి నింపుటకును, రక్తమునందలి కొరతను పూరించుటకును పోవును. ఇది నిజముగా అప్పే. తక్కినది వేడెక్కిన దేహమునకు, ఇంకను వడిగా కొట్టుకొను గుండెకు, రొప్పునకే వ్యయమగును. లాక్టికామ్లమో, అందు పెద్దపాలు కండరములకు, గుండెకు ఇంధనమే యగుచున్నది.