సామ్టర్ త్రయం

సామ్టర్ త్రయం అనగా ముక్కు పాలిప్స్‌తో కూడిన దీర్ఘకాలిక పీనసం, ఉబ్బసం, ఆస్పిరిన్ పడకపోవడం అనే మూడూ ఒకే వ్యక్తిలో కనబడే వ్యాధి. ముక్కు లోపలి పొర వాచి, ద్రాక్షపండ్ల వలె వేలాడే మెత్తని పెరుగుదలలే పాలిప్స్. వాడుకలో "ముక్కులో కండ పెరిగింది" అంటారు. ఇవి క్యాన్సర్ కావు. ఈ వ్యాధి పుట్టుకతో వచ్చేది కాదు. సాధారణంగా ముప్పై, నలభై ఏళ్ళ వయసులో విడవని జలుబుగా మొదలై, వాసన తెలియకుండా పోతుంది. తరువాత ఉబ్బసం తోడవుతుంది. ఆస్పిరిన్ పడకపోవడం చివరగా బయటపడటం కద్దు. కాబట్టి "ఇదివరకు ఎన్నోసార్లు వేసుకున్నాను, ఏమీ కాలేదు" అన్న ధైర్యం ఇక్కడ పనికిరాదు.

చరిత్ర

ఈ మూడింటి సంబంధాన్ని 1922లో ఫ్రెంచి వైద్యుడు ఫెర్నాండ్ విడాల్, ఆయన సహచరులు వర్ణించారు. టైఫాయిడ్‌కు చేసే విడాల్ పరీక్ష ద్వారా మన వారందరికీ తెలిసిన విడాల్ ఈయనే. అయితే 1968లో అమెరికాలో మాక్స్ సామ్టర్, రోలాండ్ బీర్స్ ప్రచురించిన వ్యాసం తరువాత సామ్టర్ పేరే స్థిరపడింది. న్యాయంగా విడాల్ పేరు ఉండవలసింది. ఫ్రాన్సులో ఇప్పటికీ ఆయన పేరుతోనే పిలుస్తారు.

కారణం

దీనిని అలర్జీ అనడం పరిపాటి. కాని నిజమైన అలర్జీలో వలె ఆస్పిరిన్‌పై పనిచేసే ఐజీఈ ప్రతిరక్షకాలు దీనికి కారణం కావు. అందువల్ల చర్మ పరీక్షతో ఇది తేలదు. ఆస్పిరిన్ కాక్స్-1 అనే ఎంజైమును అడ్డుకొని ప్రోస్టాగ్లాండిన్ల తయారీని తగ్గిస్తుంది. వీటిలో ప్రోస్టాగ్లాండిన్ ఈ2 వాపునకు కళ్ళెం వంటిది. ఆ కళ్ళెం తెగగానే ల్యూకోట్రయీన్లు విపరీతంగా విడుదలై శ్వాసనాళాలను బిగిస్తాయి. మాత్ర వేసుకున్న అరగంట నుండి మూడు గంటలలోపు ముక్కు దిబ్బడ, కళ్ళు ఎర్రబడటం, ఆయాసం కలుగుతాయి. ఒక్కొక్కప్పుడు ప్రాణాపాయం కూడా కలుగవచ్చు.

ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్, నాప్రోక్సెన్ కూడా ఇదే ఎంజైమును అడ్డుకుంటాయి కనుక మాత్ర మార్చినంత మాత్రాన అపాయం తప్పదు. మందుల దుకాణంలో అడిగితే దొరికే డిస్ప్రిన్ ఆస్పిరినే. కాంబిఫ్లామ్‌లో ఐబుప్రోఫెన్ ఉంటుంది. గుండెజబ్బుకు ఇచ్చే ఎకోస్ప్రిన్ కూడా ఆస్పిరినే. కనుక పాలిప్స్, ఉబ్బసం ఉన్న సంగతి ఏ వైద్యునికైనా ముందే చెప్పాలి. పారాసిటమాల్ 500 మి.గ్రా. మోతాదు చాలామందికి పడుతుంది.

చికిత్స

ముక్కులో స్టెరాయిడ్ మందులు, మాంటెలుకాస్ట్ వాడతారు. శస్త్రచికిత్సతో పాలిప్స్ తొలగించినా మళ్ళీ పెరగడం ఈ వ్యాధి స్వభావం. విచిత్రమేమిటంటే ఆస్పిరినే ఒక చికిత్స. ఆసుపత్రిలో వైద్యుల పర్యవేక్షణలో అతి తక్కువ మోతాదుతో మొదలుపెట్టి క్రమంగా పెంచితే శరీరం దానికి అలవాటుపడుతుంది. ఆ పైన ప్రతిరోజూ వేసుకోవాలి; కొన్ని రోజులు మానితే ఆ అలవాటు పోయి మొదటి అపాయం తిరిగి వస్తుంది. ఇంటివద్ద ఇది ఎంతమాత్రం చేయరాదు. పాలిప్స్‌తో కూడిన పీనసానికి డుపిలుమాబ్ అనే ఇంజెక్షను 2019లో అమెరికాలో ఆమోదం పొందింది.