ఇంగ్లీషుకు కాపలా ఒక మామూలు చట్టమే

హిందీ మన జాతీయ భాష అనేవారు, ఇంగ్లీషు కూడా రాజ్యాంగం శాశ్వతంగా గుర్తించిన అధికార భాషే అనేవారు తరచూ కనిపిస్తుంటారు. మొదటి మాట తప్పు. రాజ్యాంగం ఏ భాషనూ జాతీయ భాషగా ప్రకటించలేదు. రెండోది సగమే నిజం. 343వ అధికరణం కేంద్ర ప్రభుత్వ అధికార భాషగా పేర్కొన్నది దేవనాగరి లిపిలోని హిందీని మాత్రమే. ఇంగ్లీషుకు అది ఇచ్చింది పదిహేనేళ్ల గడువు. ఎనిమిదో షెడ్యూలులోని 22 భాషల్లోనూ ఇంగ్లీషు లేదు. ఆ గడువు ముగిసి అరవై ఏళ్లు గడిచినా కేంద్రంలో ఫైళ్లు ఇంగ్లీషులో ఎలా నడుస్తున్నాయి?

1949 సెప్టెంబరు 12 నుంచి 14 వరకు రాజ్యాంగ సభలో భాషపై జరిగిన చర్చ దాదాపు సభను చీల్చేంత దూరం వెళ్లింది. చివరికి అంకెలు ఏ రూపంలో రాయాలన్నదానిపై కూడా పట్టుదలలు వచ్చాయి. కె.ఎం.మున్షీ, ఎన్.గోపాలస్వామి అయ్యంగార్‌ల పేర్లతో పిలిచే రాజీ సూత్రం గండం గట్టెక్కించింది. అధికార భాష హిందీ, అంకెలు అంతర్జాతీయ రూపంలో, ఇంగ్లీషు 1965 జనవరి 26 వరకు. ఆ తర్వాత కూడా ఇంగ్లీషును కొనసాగించేలా పార్లమెంటు చట్టం చేయవచ్చని ఒక ఉపనిబంధన పెట్టారు. నేటి వ్యవస్థ అంతా దానిమీదే నిలబడి ఉంది.

1955లో ఏర్పడిన బి.జి.ఖేర్ కమిషన్ హిందీ వైపు మొగ్గింది. బెంగాల్‌కు చెందిన సునీతి కుమార్ ఛటర్జీ, మద్రాసుకు చెందిన పి.సుబ్బరాయన్ అసమ్మతి రాశారు. 1959లో ఫ్రాంక్ ఆంథోనీ ఇంగ్లీషును ఎనిమిదో షెడ్యూలులో చేర్చాలని లోక్‌సభలో ప్రతిపాదించారు. నెహ్రూ దానికి ఒప్పుకోలేదు. కానీ ప్రజలు కోరినంత కాలం ఇంగ్లీషు ప్రత్యామ్నాయ భాషగా ఉంటుందని, ఎప్పుడు తీసేయాలో చెప్పాల్సింది హిందీ రాని ప్రజలేనని ఆగస్టు 7న మాట ఇచ్చారు.

ఆ మాట 1963 అధికార భాషల చట్టంలోకి వచ్చేసరికి పలచబడింది. హిందీతోపాటు ఇంగ్లీషు కొనసాగ'వచ్చు' అని చట్టం రాసింది. దక్షిణాది సభ్యులు కొనసాగ'వలెను' అని రాయమన్నారు. చట్టంలో ఈ రెండు మాటలకు ఎంత తేడా ఉందో కోర్టు మెట్లెక్కినవారికి చెప్పనక్కర్లేదు. 1965 జనవరిలో గడువు ముగిసేనాటికి మద్రాసు రాష్ట్రం భగ్గుమంది. ఆత్మాహుతులు జరిగాయి, పోలీసు కాల్పుల్లో పదుల సంఖ్యలో చనిపోయారు. కేంద్ర మంత్రులు సి.సుబ్రమణ్యం, ఓ.వి.అళగేశన్ రాజీనామా చేశారు. ఫిబ్రవరి 11న ప్రధాని లాల్ బహదూర్ శాస్త్రి రేడియోలో నెహ్రూ హామీని నిలబెడతామని ప్రకటించారు. అది చట్టరూపం దాల్చింది ఇందిరా గాంధీ హయాంలో, 1967 డిసెంబరు సవరణతో. అప్పటికే మద్రాసులో కాంగ్రెస్ అధికారం కోల్పోయింది.

ఆ సవరణ ప్రకారం హిందీని అధికార భాషగా స్వీకరించని రాష్ట్రాలతో కేంద్రం ఇంగ్లీషులోనే ఉత్తరప్రత్యుత్తరాలు జరపాలి. తీర్మానాలు, నోటిఫికేషన్లు, టెండర్లు వంటివి రెండు భాషల్లోనూ ఉండాలి. మూడో సెక్షన్ ఐదో ఉపవిభాగం మరీ ముఖ్యం. ఇంగ్లీషును తొలగించాలంటే హిందీని స్వీకరించని రాష్ట్రాలన్నిటి శాసనసభలూ తీర్మానాలు చేయాలి, ఆ తర్వాత పార్లమెంటు ఉభయసభలూ అంగీకరించాలి. అంటే నాగాలాండ్‌కైనా, తెలంగాణకైనా, ఆంధ్రప్రదేశ్‌కైనా ఒక్కో వీటో ఉన్నట్టే.

1976 నిబంధనలు దేశాన్ని ఎ, బి, సి ప్రాంతాలుగా విభజించాయి. తెలుగు రాష్ట్రాలు సి ప్రాంతంలోకి వస్తాయి. తమిళనాడుకు ఈ నిబంధనలే వర్తించవు. 350వ అధికరణం ప్రకారం మనం కేంద్ర అధికారికి తెలుగులో ఫిర్యాదు రాసుకోవచ్చు. కానీ సి ప్రాంతంలోని వ్యక్తికి కేంద్ర కార్యాలయం రాయాల్సింది ఇంగ్లీషులో. హిందీ–ఇంగ్లీషు పోరులో తెలుగుకు దక్కింది ఇంతే. ఇంగ్లీషును కాపాడుకోవడమే భాషా సమానత్వమన్నట్టు వాదించేవారు ఈ సంగతి దాటవేస్తారు. హిందీ, ఇంగ్లీషు రెండూ రాని తెలుగు రైతుకు ఢిల్లీ ఏ భాషలో రాసినా ఒకటే.

2022లో పార్లమెంటరీ అధికార భాషా సంఘం నివేదిక రాష్ట్రపతికి చేరింది. కేంద్ర విద్యాసంస్థల్లో ఇంగ్లీషు స్థానంలో హిందీని తెచ్చే సిఫార్సులు అందులో ఉన్నాయన్న వార్తలతో పాత పోరు మళ్లీ రాజుకుంది. అక్టోబరులో తమిళనాడు శాసనసభ వ్యతిరేక తీర్మానం చేసింది. ఇంగ్లీషుకు ఎలాగూ చట్టరక్షణ ఉంది కదా అన్నది కొందరి సమాధానం.

ఆ రక్షణ బలం ఎంతో చూడాలి. రాష్ట్రాల సమ్మతి కావాలన్న నిబంధన ఉన్నది మామూలు చట్టంలో, రాజ్యాంగంలో కాదు. ఆ నిబంధననే మార్చే బిల్లుకు రాష్ట్రాల తీర్మానాలు అక్కర్లేదు, రెండు సభల్లో సాధారణ మెజారిటీ చాలు. ఎనిమిదో షెడ్యూలు భాషలన్నిటినీ కేంద్ర అధికార భాషలు చేయాలని డీఎంకే ఎంతోకాలంగా అడుగుతున్నది. అది రాజ్యాంగంలోనే చేరాలంటే మాత్రం మూడింట రెండొంతుల మెజారిటీ కావాలి.